సీసాలో నీళ్లా, నదిలో సెన్సరా?

తెలంగాణలోని కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలుస్తుంది. గోదావరి మహారాష్ట్ర నుంచి నేరుగా వస్తే, మంజీర అక్కడే పుట్టి కర్ణాటక కూడా చూసి వస్తుంది. ఇలాంటి చోట నీటి నాణ్యతను ఎలా కనిపెట్టాలి?

సీసాలో నీళ్లు పట్టి పరీక్షించే పద్ధతి పాతదే, కానీ నమ్మదగ్గది. ఆక్సిజన్ కోసం పట్టిన నీళ్లలో అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ కలపాలి. గోధుమరంగు మడ్డి కడితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా ఉండిపోతే లేనట్టు. సీసాలో గాలిబుడగ మిగిలిందా, లెక్క తప్పినట్టే. బీఓడీకైతే (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఆగాలి. ఈలోగా మురుగు ఎప్పుడో దిగువకు జారుకుంటుంది.

సెన్సర్ అలా కాదు, అర్ధరాత్రి దొంగచాటుగా వదిలిన వ్యర్థాన్నీ పసిగట్టగలదు. పీహెచ్, ఆక్సిజన్, విద్యుత్ వాహకత నిమిషాల్లో చెబుతుంది. అయితే నాచు పట్టిందంటే అంకెలు దారి తప్పుతాయి. తుడిచే మనిషి కావాలి (ఈ ఖర్చునే ముందు మరిచిపోతారు). పురుగుమందులు, భారలోహాలు చాలావరకు దానికి అందవు.

మూడు రాష్ట్రాల అంకెలు పోల్చాలంటే నా ఓటు ముందు సీసాకే: ఒకే వారం, ఒకే పద్ధతి, అదే నమూనాను మూడు ల్యాబులకూ పంపి సరిచూడటం. సెన్సర్లు సరిహద్దుల్లో, పట్టణాల దిగువన ఉంటే చాలు.