ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000: మా కారం మిల్లును నిలబెట్టింది లాట్ నంబరే

గుంటూరు దగ్గర మాది కారం పట్టి ఎగుమతి చేసే మిల్లు. ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000 అనే ఆహార భద్రత సర్టిఫికెట్ మూడేళ్ల గడువు ముగిసి, రెన్యువల్ కూడా అయింది. తలకు టోపీలు, చేతి శుభ్రత, మెటల్ డిటెక్టర్ గురించి అందరూ చెప్పేదే. నేను చెప్పాలనుకున్నది ట్రేసబిలిటీ గురించి, అంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్లిందో జాడ పట్టుకోవడం.

మిర్చి యార్డు నుంచి టిక్కీలు (కాయ బస్తాలు) దిగగానే ఆ కొన్న సరుకుకు లాట్ నంబర్ పడుతుంది. కోల్డ్ స్టోరేజీకి వెళ్లినా, తొడిమలు తీసినా, మర పట్టినా, బస్తాకు ఎత్తినా ఆ నంబర్ వెంట రావాల్సిందే. ప్రతి బ్యాచ్ (ఒక విడతలో పట్టిన సరుకు) నుంచి కొంత కారం శాంపిల్‌గా దాచాలి.

ఒకసారి మా సరుకు కొనే జర్మనీ పార్టీ నుంచి మెయిల్. కంటైనర్‌లో తీసిన ఒక శాంపిల్‌లో అఫ్లాటాక్సిన్ బీ1 ఎక్కువగా ఉందని. యూరప్‌లో మిర్చికి దాని పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములే. కల్లంలో కాయ తడిసి బూజు పడితే వచ్చే విషం అది, మర పట్టినా పోదు. కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుందేమోనని ఆఫీసులో అందరికీ ఒకటే టెన్షన్. బస్తా మీది బ్యాచ్ నంబర్ పట్టుకుని రిజిస్టర్లు తిరగేశాం. సాయంత్రానికల్లా తేలింది: ఆ కారం అంతా ఒకే లాట్ కాయది. వాన పడ్డ వారంలో కొన్నది, తేమ కాలమ్‌లో అంకె మిగతా లాట్ల కంటే ఎక్కువ. దాచిన శాంపిళ్లన్నీ ల్యాబ్‌కు పంపితే ఆ ఒక్క బ్యాచే ఫెయిలైంది. పార్టీ తన ల్యాబ్‌లోనూ చూసుకుని ఆ బస్తాలే పక్కన పెట్టింది, మిగతా సరుకు తీసుకుంది. ఆ రోజు మా స్టోర్ కుర్రాడు రాసిన పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాను.

అయితే ఈ జాడ కమీషన్ కొట్టు బిల్లు దగ్గర ఆగిపోతుంది. ఆ కాయ ఏ రైతు కల్లంలో తడిసిందో మాకు తెలియలేదు. అసలు జాగ్రత్త మొదలవ్వాల్సింది అక్కడ కదా! రైతుకు కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలు, ఆరబెట్టే చోటు లేకుండా మా గోడల మధ్య ఎంత రాసినా సగం పనే. సర్టిఫికెట్ ఉందని కిలోకు రూపాయి ఎక్కువ ఇచ్చినవాళ్లూ లేరు. కానీ అది లేకపోతే ఆ జర్మనీ పార్టీ మాతో మాట్లాడేదే కాదు. చెప్పకుండా వచ్చే ఆడిట్ కూడా ఉంటుంది కాబట్టి రిజిస్టర్లు చూసుకోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

మా సరుకులో ఎక్కువ భాగం యూరప్‌కే, అందుకే ఈ ఖర్చు మాకు గిట్టింది. చుట్టుపక్కల ఊళ్లకే అమ్ముకునే చిన్న మర అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సుతో పాటు లాట్ పుస్తకం, శాంపిల్ డబ్బాలు ముందు మొదలుపెట్టండి. సర్టిఫికెట్ సంగతి ఎగుమతి ఆర్డర్ మాట వచ్చాక చూసుకోవచ్చు.