మామిడి తోపులో తేమ సెన్సార్లు: నాలుగేళ్లు వాడాక

దామలచెరువు దగ్గర మాకు ఏడెకరాల మామిడి తోపు ఉంది. ఎక్కువ భాగం తోతాపురి, కొంచెం బేనీషా. 2021 ఆగస్టులో కోత ముగిసి కొమ్మలు కత్తిరించాక నేల తేమ చెప్పే వైర్‌లెస్ సెన్సార్లు పెట్టించాం. మొత్తం 14 పెట్టెలు. ఒక్కో పెట్టెకు రెండు సెన్సార్లు: ఒకటి అడుగు లోతున, ఇంకోటి రెండడుగుల లోతున. మోటారు షెడ్డు మీద ఉన్న గేట్‌వే అన్నింటి అంకెలూ తీసుకుని సిమ్ ద్వారా నా ఫోన్‌కు పంపుతుంది. కొనే ముందు నేను అడిగిందంతా సెన్సార్ గురించే. అది చెప్పే మాట షెడ్డు దాకా ఎలా వస్తుందని అడగలేదు. తర్వాత పడ్డ కష్టమంతా అక్కడే.

మొదట పెట్టింది జిగ్‌బీ మెష్, అంటే ఒకదాని కబురు ఇంకోటి మోసే చిన్న రేడియోల అల్లిక, 2.4 గిగాహెర్ట్జ్‌ది. నీళ్ల బిందె చేతులు మారినట్టు, దూరపు పెట్టె పక్కదానికి చెబితే అది ముందున్నదానికి అందిస్తుంది. ఆగస్టులో చెట్లు బోడిగా ఉన్నాయి కాబట్టి 70 మీటర్ల దూరంలోనూ సిగ్నల్ బాగా అందింది. అక్టోబరుకు కొత్త చిగురు వచ్చి కొమ్మలు గుబురుగా కమ్ముకున్నాయి, పైన ఈశాన్య రుతుపవనాల వాన. ఆకులోని నీరు, ఆకు మీది నీరు ఈ రేడియో తరంగాలను మింగేస్తాయి. అవే పెట్టెలు, అదే దూరం, సగం కబుర్లు రావడం మానేశాయి. తోపులో రేంజ్ చూడాలంటే చెట్టు నిండుగా ఉన్నప్పుడు, వాన వెలిసిన పొద్దున చూడాలి.

రెండో దెబ్బ బ్యాటరీలది. ఇలాంటి చిన్న రేడియోల్లో పంపడానికి ఎంత కరెంటు కావాలో, వినడానికీ దాదాపు అంతే కావాలి. పక్కవాళ్ల కబురు అందించాల్సిన పెట్టె గంటల తరబడి మేలుకుని వింటూ కూర్చోవాలి. షెడ్డుకు దగ్గరున్న రెండు పెట్టెల మీద మిగతా పన్నెండింటి భారం పడింది. చివరి వరుస పెట్టెలు నెలల తరబడి నడిస్తే ఈ రెండూ అయిదు వారాలకే చచ్చాయి. అవి పోతే వెనకున్నవి బతికుండీ లాభం లేదు, వాటి మాట దాటదు. ఇదేం కొత్త సంగతి కాదు. 2002లో అమెరికాలోని గ్రేట్ డక్ దీవిలో సముద్రపక్షుల గూళ్లను గమనించడానికి ఇలాంటి సెన్సార్ పెట్టెలు 32 పెట్టినప్పుడే బ్యాటరీని ఎలా పొదుపు చేయాలన్నది పెద్ద లెక్క. అమ్మినవాళ్లు ఈ మాట ముందే చెప్పాల్సింది.

2022 మే నెలలో జరిగింది మాత్రం ఇప్పటికీ మనసులోంచి పోలేదు. కాయ ఊరే సమయం. కింది వైపు నాలుగు పెట్టెల నుంచి కబురు ఆగిపోయింది. యాప్ ఆ సంగతి చెప్పలేదు. చివరిసారి వచ్చిన అంకెనే, టైమ్ లేకుండా, ఆకుపచ్చ రంగులో చూపిస్తూ పోయింది. తేమ బాగుందని నేను ఆ వైపు నీళ్ల వాల్వు తిప్పలేదు. ఆరో రోజు నాయన గునపంతో ఓ చెట్టు మొదట్లో తవ్వి పిడికెడు మన్ను నా చేతిలో పోసినాడు. పొడి. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. "ఫోన్ చూసినావు సరే, మన్ను చూసినావా?" అన్నాడు. ఆ వైపు చెట్ల కింద రాలిన పిందెలు గంపలకెత్తాం.

సెన్సార్ చెడిపోవచ్చు, సిగ్నల్ పోవచ్చు, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. కబురు రానప్పుడు రాలేదని చూపించకపోవడం మాత్రం పెద్ద తప్పు. మీరు ఏది కొన్నా ముందు ఒక పెట్టె బ్యాటరీ తీసేసి గంట ఆగండి. స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చూశాకే డబ్బు కట్టండి.

ఆ ఏడు కోత అయ్యాక లోరాకు మారాం, అది తక్కువ కరెంటుతో చిన్న కబుర్లను చాలా దూరం పంపే రేడియో పద్ధతి. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. 2.4తో పోలిస్తే ఇది ఆకుల్లోంచి బాగా దూసుకొస్తుంది. ప్రతి పెట్టె నేరుగా గేట్‌వేతోనే మాట్లాడుతుంది, చెప్పి నిద్రపోతుంది. ఒకరి బరువు ఒకరు మోయరు. యాంటెన్నాను పది అడుగుల నుంచి పాతిక అడుగులకు, జీఐ పైపు మీదికి ఎత్తి ఎర్త్ వేయించాం. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పనే.

లోరాలోనూ చిక్కులున్నాయి. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అని ఒకటుంది, కబురును ఎంత నెమ్మదిగా సాగదీసి పంపాలో చెప్పే అంకె, 7 నుంచి 12 దాకా. 7లో చిన్న కబురు సెకనులో ఇరవయ్యో వంతులో వెళ్లిపోతుంది, 12లో సెకనుకు పైనే పడుతుంది. దూరం పెరుగుతుంది గానీ బ్యాటరీ ఖర్చవుతుంది, గాలిలో చోటూ ఆక్రమిస్తుంది. అమర్చడానికి వచ్చినవాళ్లు అన్నీ 12లో పెట్టి, అరగంటకోసారి సరిగ్గా ఒకే నిమిషానికి పంపేలా చేసిపోయారు. పద్నాలుగు గొంతులు ఒక్కసారే లేస్తే గేట్‌వేకు ఎన్ని వినబడతాయి? నేను ఒక్కోదానికి ఒక్కో నిమిషం కేటాయించి, దగ్గరవాటిని 7కు దించాను. ఇప్పుడు రోజుకు ఒకటీ అరా తప్ప పోవు.

పెట్టెల్లో చీమలు గూళ్లు పెడతాయి, వైర్లు ఎలుకలు కొరుకుతాయి. వైరును పైపులో వేసి, రంధ్రాలు సిలికాన్‌తో మూశాం. కంపెనీ ఇచ్చిన తేమ శాతం మా ఎర్రనేలకు సరిపోలేదు. మన్ను తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచి మా లెక్క మేమే కట్టుకున్నాం. ఒక ఆదివారం పట్టింది, కానీ తప్పదు.

ఇంత పడ్డాక కూడా తీసేయాలని అనిపించలేదు. పూతకు ముందు నీళ్లు ఆపే రోజుల్లో రెండడుగుల లోతున ఎంత ఆరిందో తవ్వి చూడకుండా తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. కాయ ఊరేటప్పుడు ఏ వాల్వు ముందు తిప్పాలన్న టెన్షన్ తగ్గింది. రెండు మూడెకరాలవాళ్లకైతే నేను చెప్పను, నడిచి చూసుకోవచ్చు. పెద్ద తోపున్నవాళ్లు మెష్ జోలికి పోకుండా లోరా తీసుకోండి.

పన్నెండో పెట్టె చుట్టూ బేనీషా కొమ్మలు మళ్లీ కమ్ముకున్నాయి, నెల నుంచి సిగ్నల్ పలచబడుతోంది. ఈ కోత అయ్యాక దాన్ని ఇంకో మూడడుగులు పైకి కట్టాలి.