మిల్లు స్క్రీన్: రంగులది మేలా, బూడిద రంగుది మేలా?

మిర్యాలగూడలో రైసు మిల్లు ఓనర్‌కు, మోటార్లను చూసి నడిపే కంట్రోల్ స్క్రీన్‌కు రెండు డిజైన్లు చూపిస్తే వేలు నేరుగా రంగుల దాని మీదికే పోతుంది. తిరిగే ఫ్యాన్లు, పచ్చగా వెలిగే మోటార్లు, పైకి పోతున్న వడ్లు. లక్షలు పోసి కట్టిన ప్లాంటు అట్లా కళకళలాడాలి కదా! రెండోది ఉత్త బూడిద రంగు. నడిచే మోటారు తెల్లగా, ఆగింది ముదురుగా ఉంటుంది. ఏదన్నా తేడా వస్తేనే రంగు.

మొదట్లో నేనూ రంగులవే చేసిచ్చాను. వడ్లు ఉడకబెట్టి ఆడించే ఒక బాయిల్డ్ మిల్లులో నడిచే మోటారుకు పచ్చ, ఆగినదానికి ఎరుపు పెట్టాను. ట్రిప్ అయినా, అంటే తేడా వచ్చి దానంతటదే ఆగిపోయినా ఎరుపే, కాకపోతే మిణుకుమంటుంది. ఒక రాత్రి డ్రయ్యర్ దగ్గర వడ్లను పైకి మోసే ఎలివేటర్ ట్రిప్ అయింది. అప్పటికే రెండో లైన్ ఆపేసి ఉండటంతో స్క్రీన్‌లో సగం ఎరుపే. ఆపరేటర్ గుర్తుపట్టేసరికి ఎలివేటర్ అడుగున వడ్లు కూరుకుపోయాయి. (ఒకటి ఆగితే దానికి వడ్లు పంపేదాన్నీ ఆపే ఇంటర్‌లాక్‌ను ఎవరో బైపాస్ చేసి పెట్టారు, అది వేరే కథ.) తెల్లారేదాకా తోడారు. తిట్లు ఆపరేటర్‌కు పడ్డాయి, తప్పు మాత్రం నా స్క్రీన్‌ది.

1994 జూలైలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలే ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. ప్లాంటు మొత్తం ఒక్కచోట కనిపించే స్క్రీన్ లేకపోవడాన్నీ దర్యాప్తులో తప్పుపట్టారు. మన మిల్లు అంత పెద్దది కాకపోవచ్చు, నైట్ షిఫ్టులో కళ్లు మాత్రం అవే కళ్లు. పైగా ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువే.

రంగుల బొమ్మ పనికిరాదని కాదు. కొత్తగా చేరిన పిల్లవాడికి ఏ మోటారు ఎక్కడుందో అది చూపిస్తేనే తొందరగా ఎక్కుతుంది. కానీ డ్రయ్యర్ వేడి దగ్గర బొమ్మ కన్నా, అంకె కన్నా నిలువు పట్టీ నయం. ఉండాల్సిన హద్దు దాని మీదే గీసి ఉంటే, ముల్లు దాటిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది.

స్క్రీన్ మీద పేర్లు తెలుగులోనే రాస్తాను, అయితే "ఎలివేటర్" అనే రాస్తాను. కొన్ని చవక ప్యానెళ్లలో ఒత్తులు విడిపోతాయి, అప్పుడు పదాన్నే బొమ్మగా చేసి అతికించాలి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఏ డిజైన్‌లోనూ టచ్ మీదికి వదలను. అది పుట్టగొడుగు లాంటి ఎర్ర బటనే, వైరు వేరే.

ఇప్పుడు మొదటి పేజీలో మిల్లు పేరు, తిరిగే ఫ్యాను, పచ్చటి పొలం పెడుతున్నాను. ఓనర్ దాన్ని చూసి బిల్లు పాస్ చేస్తాడు. ఆపరేటర్ ఒక్కసారి ముట్టుకుని బూడిద రంగులోకి వెళ్లిపోతాడు.