మధ్యాహ్నం పన్నెండా, రాత్రి ఏడున్నరా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట వేళ కోచ్ చేతిలో ఉండదు, టీవీ వాళ్ల చేతిలో ఉంటుంది. 2023 నుంచి బిగ్ టెన్ అనే యూనివర్సిటీల లీగ్ పెద్ద ఆటల్లో మధ్యాహ్నం 12 ఫాక్స్ చానల్‌ది, మూడున్నర సీబీఎస్‌ది, రాత్రి ఎన్‌బీసీది.

పన్నెండు గంటల ఆటైతే ఆ లీగ్‌లోని ఒహాయో స్టేట్ జట్టుకి దూరాన ఉండే అభిమాని తెల్లారకముందే కారెక్కాలి. పొద్దున ఎనిమిదింటికే స్టేడియం పార్కింగ్‌లో గ్రిల్ మీద సాసేజ్‌లు కాలుతుంటాయి. టిఫిన్ వేళ బీరేమిటో! అయినా సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

రాత్రి ఆట హోరే వేరు, నా ఓటు దానికే. కాకపోతే ముగిసేసరికి పదకొండు. మూడు గంటలు డ్రైవ్ చేయాల్సినవాడి గతేంటి? పైగా చాలా ఆటల వేళ 12 రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు గానీ తేలదు. ఇక హోటల్ గది దేవుడెరుగు.

హైదరాబాద్‌లో చూసేవాళ్లకి మాత్రం పగటి ఆటే హాయి, సెప్టెంబరులో రాత్రి తొమ్మిదిన్నరకి మొదలు. రాత్రి ఆటకైతే తెల్లవారుజామున ఐదుకి అలారం.