అన్‌ఫాలో యాప్‌కి డబ్బు కట్టాలా? గుంటూరు చీరల పేజీ నుంచి రివ్యూ

మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ ఇన్‌స్టాలో అమ్ముతాను. బ్రాడీపేటలో మా ఇంటి ముందు గదే షాపు. వరలక్ష్మీ వ్రతం ముందు జోరుగా పెరిగే ఫాలోవర్లు వినాయక చవితి దాటేసరికి తరుగుతుంటే ఎవరికైనా టెన్షనే. కొత్తగా ఎవరు వచ్చారో ఇన్‌స్టా టింగుమని చెబుతుంది. పోయినవాళ్ల గురించి మాత్రం నోరు విప్పదు. ఆ సందులోకి దూరినవే ఈ అన్‌ఫాలోవర్ యాప్‌లు. నేను డబ్బు కట్టి వాడిన దాని పేరు రాయట్లేదు. దాంతోపాటు దించుకున్న మిగతావీ రంగు మార్చిన అదే సరుకు.

ముందు మంచి చెబుతాను. చూడ్డానికి బాగుంది. తెరవగానే ‘మిమ్మల్ని వదిలేసినవారు’, ‘మీరు ఫాలో అవుతున్నా మిమ్మల్ని ఫాలో కానివారు’ అని విడివిడిగా డబ్బాలు కనబడతాయి. రెండో డబ్బా ఉచితం, సరిగ్గానే చూపించింది. మొదటిది తెరవాలంటే డబ్బు కట్టాలి, అదీ వారం వారం.

లాగిన్ దగ్గరే నాకు మొదటి అనుమానం. ఇన్‌స్టా పేజీలాగే ఉండే పేజీ ఒకటి యాప్ లోపలే తెరుచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. షాపు అకౌంట్ ఇచ్చే ధైర్యం లేక నా సొంత అకౌంట్‌తో చూశాను. ఆ రాత్రే ‘మీ అకౌంట్‌లోకి కొత్త చోటి నుంచి ఎవరో లాగిన్ అయ్యారు, మీరేనా?’ అని ఇన్‌స్టా నుంచి మెయిల్. ఇందులో వింతేం లేదు. 2018 ఏప్రిల్‌లోనే ఇన్‌స్టా బయటి యాప్‌లకు ఫాలోవర్ల జాబితా ఇవ్వడం ఆపేసింది. అప్పటి నుంచి ఇలాంటి యాప్‌లు మన పాస్‌వర్డ్‌తో మనలాగా లోపలికెళ్లి జాబితా చదువుకుని రావాల్సిందే. అదే ఏడాది నవంబర్‌లో, బయటి యాప్‌లతో లైకులు, ఫాలోలు పెంచుకునే అకౌంట్లను పట్టుకుని పాస్‌వర్డ్ మార్చుకోమంటామని కూడా ఇన్‌స్టా ప్రకటించింది. చీరల ఆర్డర్లన్నీ డీఎంలలో, అంటే ఇన్‌స్టా మెసేజ్‌లలో, ఉండే అకౌంట్ తాళం ఎవరి చేతికో ఇవ్వడం నావల్ల కాదు.

ఇక అసలు జాబితా. యాప్ చేసేదల్లా నిన్నటి జాబితాకీ ఇవాళ్టి జాబితాకీ తేడా చూడటం. అంటే యాప్ పెట్టుకోకముందు పోయినవాళ్ల పేర్లు దానికి తెలిసే దారే లేదు. నాకు కావాల్సింది సరిగ్గా వాళ్లే. పైగా కనబడకుండా పోయిన ప్రతి పేరునీ ‘వదిలేసినవారు’ ఖాతాలో వేస్తుంది. అందులో మా అక్క కూతురి ఫొటో చూసి మనసు చివుక్కుమంది. ఫోన్ చేశాను.

“ఏమే, పిన్ని అకౌంట్ నచ్చలేదా?”

“అకౌంట్ ఏంటి పిన్నీ, ఎంసెట్ అయ్యేదాకా అమ్మ నా ఇన్‌స్టానే డీయాక్టివేట్ చేయించింది!”

వెనక నుంచి మా అక్క, “దాన్ని చదువుకోనివ్వవే తల్లీ” అని ఒక కేక. అకౌంట్ మూసుకున్నవాళ్లు, ఇన్‌స్టా తీసేసిన దొంగ అకౌంట్లు, నిజంగా అన్‌ఫాలో కొట్టినవాళ్లు, అందరూ ఈ యాప్‌కి ఒకటే. దొంగ అకౌంట్ల ఏరివేత చిన్న విషయమేం కాదు. 2014 డిసెంబర్‌లో ఒక్కసారి ఊడ్చేస్తే ఇన్‌స్టా సొంత అకౌంటే కోటీ ఎనభై లక్షల మందికి పైగా ఫాలోవర్లను పోగొట్టుకుంది. మన పేజీకి ఒకేరోజు గుంపుగా తగ్గితే అదీ ఒక కారణం కావచ్చు.

‘మీ ప్రొఫైల్ ఎవరు చూశారు’ అని మసకేసిన ముఖాలతో ఇంకో డబ్బా ఉంది. ఆ సమాచారం ఇన్‌స్టా ఎవరికీ ఇవ్వదు. శుద్ధ అబద్ధం.

నాకు పనికొచ్చింది ఇన్‌స్టాలోనే ఉచితంగా ఉన్న ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీ. ప్రొఫెషనల్ అకౌంట్‌కి మార్చుకుని, వందమంది ఫాలోవర్లు దాటితే చాలు. అందులో ఫాలోవర్ల లెక్క తెరిస్తే ఏ రోజు ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు అన్నది విడిగా కనబడుతుంది. పేర్లుండవు, తేదీలుంటాయి. వ్యాపారానికి కావాల్సింది తేదీలే. నా పేజీలో పోయినవాళ్ల గీత ఎక్కడ లేచిందో పోస్టులు పక్కన పెట్టుకుని చూశాను. పెద్దది ఉచిత చీర గివ్‌అవే విజేతను ప్రకటించిన మర్నాడు. చీర కోసం వచ్చినవాళ్లు చీర రాలేదని పోయారు, వాళ్ల గురించి బెంగ అనవసరం. రెండోది ఆషాఢం డిస్కౌంట్ స్టోరీలు పొద్దున్నుంచి రాత్రి దాకా వరసగా పెట్టిన వారం. ఇది మాత్రం ఆలోచించాల్సిందే. ఇప్పుడు స్టోరీలు తగ్గించి, నిజాం బోర్డర్ దగ్గరగా కనిపించేలా పగటి వెలుగులో తీసిన ఫొటో, దాని మీదే ధర పెడుతున్నాను. ‘ధర కోసం డీఎం చేయండి’ అనడం మానేశాను. ఆ గీత మళ్లీ అంత ఎత్తు లేవలేదు. యూట్యూబ్ ఛానెల్ ఉన్నవాళ్లకైతే స్టూడియోలో ఏ వీడియో దగ్గర ఎంతమంది సబ్‌స్క్రైబర్లు పోయారో కూడా తెలుస్తుంది.

పేర్లే కావాలని పట్టుబట్టేవాళ్లకీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేని దారుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్లి మీ డేటా డౌన్‌లోడ్‌కి పెట్టండి. అన్నీ అక్కర్లేదు, ఫాలోవర్స్ అండ్ ఫాలోయింగ్ ఒక్కటి టిక్ చేస్తే చాలు. తేదీల దగ్గర ‘ఆల్ టైమ్’ ఎంచుకోవాలి, లేదంటే పాత ఫాలోవర్లు జాబితాలోకి రారు, వాళ్లంతా పోయారేమోనని గుండె ఆగినంత పనవుతుంది. ఫైల్ సిద్ధమయ్యాక లింక్ వస్తుంది, నాలుగు రోజుల్లోపు దించుకోవాలి. నెలకోసారి దించి పాతదాన్నీ కొత్తదాన్నీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెడితే తేడా తేలుతుంది. పాత పేరు కొత్త జాబితాలో ఉందో లేదో చెప్పే కౌంటిఫ్ ఫార్ములా మా వారు వేసిస్తారు, టీ ఇస్తే.

యాప్‌కి నా రేటింగ్ ఐదులో ఒకటి, అదీ ఉచిత డబ్బాకి. పెట్టుకుని ఉంటే తీసేటప్పుడు ఒకటి చూసుకోండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కట్ అవడం ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేయాలి. యూపీఐతో కట్టినవాళ్లు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే (దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు) కూడా ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత ఇన్‌స్టా పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, ‘ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నారు’ అనే చోట మీకు తెలియని ఫోన్లన్నిటినీ లాగౌట్ చేసేయండి.