లినక్స్ తొలి బూటు దశ: నిండు ఇమేజా, పొదుపు ఇమేజా, అసలేదీ లేకపోవడమా – ఏది మేలు?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత దుకాణాల్లోనూ, అమలాపురం వైపు కాలేజీ ల్యాబుల్లోనూ పాత డెస్క్‌టాప్‌ల మీద లినక్స్ నడిపేవారికి బూటు సమయం చిన్న విషయం కాదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ యంత్రం మొదటి నుంచి లేవాలి. లినక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామైన కెర్నల్ మొదలయ్యాక అసలు డిస్కును వెతికి పట్టుకునేందుకు కావలసిన డ్రైవర్లు, చిన్న సాధనాలు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే కట్టలో (ఇమేజ్‌లో) ఉంటాయి; దీన్నే ఇనిట్‌ఆర్‌డీ అనీ అంటారు. కెర్నల్ సీపీఐఓ అనే ఫైల్ రూపంలోని ఆ కట్టను మెమరీలో విప్పుకొని, రూట్ విభజనను (అసలు సిస్టమ్ ఉన్న డిస్కు భాగాన్ని) మౌంట్ చేయించుకొని, ఆ తర్వాతే అసలు సిస్టమ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. ఈ కట్టను ఎంత నిండుగా ఉంచాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎంచుకునే ముందు కొలవాలి. బూటు సేవలన్నీ నడిపే సిస్టమ్‌డీకి చెందిన సిస్టమ్‌డీ-ఎనలైజ్ చూపే లెక్కలో ఇనిట్‌ఆర్‌డీ కాలం విడిగా కనబడాలంటే ఆ కట్టలో సిస్టమ్‌డీయే నడుస్తూ ఉండాలి. డెబియన్ వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ కట్టలో బిజీబాక్స్ (చిన్న ఆదేశాల పొట్లం) స్క్రిప్టులే ఉంటాయి కనుక ఆ కాలమంతా కెర్నల్ పద్దులో కలిసిపోతుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కట్ట విప్పడం మొదలైన వరుసకూ, ఇనిట్‌ఆర్‌డీ మెమరీని విడుదల చేసిన వరుసకూ మధ్య తేడా చూడవచ్చు. అయితే 5.13 కెర్నల్ నుంచి ఈ విప్పడం మిగతా పనులతో పాటు పక్కన సాగుతుంది కాబట్టి ఆ తేడా అంతా ఆలస్యమే అనుకోకూడదు. చాలామంది కట్ట బరువును నిందిస్తారు గానీ, నిజమైన జాప్యం తరచుగా మరోచోట ఉంటుంది: స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే) విభజనను తీసేసిన యంత్రంలో, నిద్రాణ స్థితి నుంచి లేవడానికి దాన్ని చూపే రెజ్యూమ్ అమరిక పాత గుర్తింపునే పట్టుకొని ఉంటే, లేని విభజన కోసం సుమారు 30 సెకన్లు ఎదురుచూస్తుంది. రెజ్యూమ్ విలువను నన్ అని రాసి కట్టను మళ్లీ తయారు చేస్తే పోయే జబ్బు ఇది. దీనికి డ్రైవర్లు తగ్గించి లాభం లేదు.

డెబియన్‌లో, కట్టలో ఏ డ్రైవర్లు చేరాలో చెప్పే మాడ్యూల్స్ అమరికకు మామూలు విలువ మోస్ట్. ఇది ఏ యంత్రంలోనైనా లేచేలా నిల్వ పరికరాల డ్రైవర్లన్నీ పోగేస్తుంది. డెప్ అని మారిస్తే ప్రస్తుతం నడుస్తున్న యంత్రానికి అవసరమని తోచినవాటినే తీసుకుంటుంది. ఫెడోరా వాడే డ్రాకట్‌లో హోస్ట్‌ఓన్లీ, ఆర్చ్ వాడే ఎంకేఇనిట్‌సీపీఐఓలో ఆటోడిటెక్ట్ ఇదే పని చేస్తాయి. పొదుపు కట్ట నిజంగానే బాగా చిన్నది. రెండు మూడు కెర్నళ్లు పేరుకుపోయి చిన్న బూట్ విభజన నిండిపోవడం, మధ్యలో అప్‌డేట్ ఆగిపోవడం వంటి ఇబ్బందికి అదే సూటి మందు.

అయితే వర్షాకాలంలో పిడుగుపాటుకు మదర్‌బోర్డు పోతే మన దుకాణదారు చేసే మొదటి పని, డిస్కు ఊడదీసి పక్క యంత్రానికి తగిలించడం. రెండు యంత్రాల్లోనూ డిస్కును నడిపే సాటా కంట్రోలర్ ఏహెచ్‌సీఐ అనే ఒకే పద్ధతిలోనే ఉంటే పొదుపు కట్ట కూడా లేస్తుంది. పాత యంత్రం ఐడీఈ పద్ధతిలో ఉన్నా, డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టినా, కొత్త ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ వీఎండీ అనే కంట్రోలర్ వెనుక ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్నా, కావలసిన డ్రైవరు కట్టలో లేక, రూట్ గుర్తింపు దొరకలేదన్న హెచ్చరికతో యంత్రం బిజీబాక్స్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. దుకాణంలో జీఎస్‌టీ బిల్లు కోసం లారీ నిలబడి ఉన్నప్పుడు ఆదా చేసిన ఒకటి రెండు సెకన్లు ఎవరికీ గుర్తుండవు.

ఇక్కడే మధ్యేమార్గం ఉంది. నిండు కట్టను బరువెక్కించేది డిస్కు డ్రైవర్లకంటే ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్లు, వాటి ఫర్మ్‌వేర్. బూటు వేళ బొమ్మ చూపించే ప్లిమత్ ఉంటే ఆ సామాను లోపలికి వస్తుంది. దుకాణపు యంత్రానికి ఆ బొమ్మ దేనికి? ప్లిమత్ తీసేసి, మోస్ట్‌ను అలాగే ఉంచి, ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో లోపల ఏముందో చూస్తే చాలా తేడా కనిపిస్తుంది, డిస్కు ఎక్కడికి మారినా లేచే గుణమూ పోదు. డిస్కును గుప్తీకరించినవారు మాత్రం జాగ్రత్తపడాలి: సంకేతపదం అడిగే తెర కోసం అక్కడ గ్రాఫిక్స్ కావలసి రావచ్చు. కుదింపు విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. ఎక్స్‌జెడ్ చోటు మిగిల్చినా విప్పడంలో నెమ్మది, ఎల్‌జెడ్4 వేగమైనా పెద్దది, 2020లో వచ్చిన 5.9 కెర్నల్ నుంచి ఇక్కడ పనిచేస్తున్న జెడ్‌ఎస్‌టీడీ రెంటి మధ్యా సరిపోతుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అసలే లేకుండా బూటు చేయడం సాధ్యమే. డిస్కు, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్లను కెర్నల్‌లోనే కలిపి నిర్మించాలి. రూట్‌ను ఫైల్‌సిస్టమ్ యూయూఐడీతో (ఫైల్‌సిస్టమ్‌కు ఉండే గుర్తింపు) కాక పార్ట్‌యూయూఐడీతో (విభజనకు ఉండే గుర్తింపు) చెప్పాలి, ఎందుకంటే మొదటిదాన్ని కెర్నల్ తనంతట తాను చదవదు. మెమరీ కార్డు ఆలస్యంగా కనబడితే, అది కనబడేదాకా ఆగమని చెప్పే రూట్‌వెయిట్ కావాలి. సాధారణంగా ఎల్‌వీఎమ్ (డిస్కు చోటును కలిపి పంచే పద్ధతి), గుప్తీకరణ వదులుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై సిస్టమ్ ఏళ్లపాటు ఇలాగే లేచింది. చెరువు గట్టున ఏరేటర్ల మీద నిఘాకు పెట్టిన ఒకే రకం బోర్డులకు ఇది బాగుంటుంది, డెస్క్‌టాప్‌కు కాదు: ప్రతి భద్రతా అప్‌డేట్‌కూ కెర్నల్‌ను మీరే కట్టుకోవలసి వస్తే, కొన్నాళ్లకు అప్‌డేట్లే ఆగిపోతాయి.

కాలేజీ ల్యాబు సంగతి వేరు. యంత్రాలన్నీ ఒకే మోడల్ అయితే డెప్ పెట్టి ఒక డిస్కు తయారుచేసి మిగతావాటికి నకలు తీయవచ్చు. రెండు మూడు మోడళ్లు కలిసి ఉంటే ఆ పని చేయరాదు. ఫెడోరా అన్ని యంత్రాలకూ పనికొచ్చే రెస్క్యూ కట్టను తానే ఉంచుతుంది. డెబియన్‌లో అది మనమే చేసుకోవాలి: మోస్ట్ విలువతో ఎంకేఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను నడిపించి వేరే పేరుతో ఒక కట్ట తీసి, బూటు మెనూ చూపే గ్రబ్ కస్టమ్ ఫైలులో దానికో వరుస చేర్చి, ఆ వరుసతో ఒకసారి నిజంగా బూటు చేసి చూడాలి. కెర్నల్ మారినప్పుడు ఆ కట్ట దానంతట అది మారదు కాబట్టి, దానికి జతగా ఉన్న పాత కెర్నల్‌ను ఆటోరిమూవ్ (అక్కరలేని ప్యాకేజీలను తీసేసే ఆదేశం) తుడిచిపెట్టకుండా ఏపీటీ-మార్క్ ఆదేశంతో పట్టి ఉంచాలి.