ప్లాట్‌లో గుడిసెలు వెలిస్తే: స్టేషనా, కోర్టా?

ఘట్‌కేసర్ వైపు మా ప్లాట్‌కి చాలా నెలల తర్వాత వెళ్లాను. ప్రహరీ పక్కన మూడు నీలం టార్పాలిన్ గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి, కడీకి కట్టిన చీర ఉయ్యాల. ఏం చేయాలి?

స్టేషన్‌కి వెళ్లడం తేలిక, ఖర్చు తక్కువ. భారతీయ న్యాయ సంహిత (పాత IPC స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 329 ప్రకారం అక్రమ ప్రవేశం నేరమే: 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాకపోతే బెదిరించే, ఇబ్బందిపెట్టే ఉద్దేశం కనబడాలి. అవతలివాళ్లు ఏదో నోటరీ కాగితం తీశారంటే "ఇది సివిల్ మ్యాటర్ సార్" అనే మాట వినాల్సిందే.

కోర్టు నెమ్మది, కానీ గట్టిది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని సెక్షన్ 6 చాలామందికి తెలియదు. మనల్ని వెళ్లగొట్టిన 6 నెలల్లోపు దావా వేస్తే టైటిల్ (యాజమాన్య హక్కు) నిరూపించక్కర్లేదు, స్థలం మన స్వాధీనంలో ఉండేదని చూపితే చాలు. కరెంటు బిల్లు, ప్రహరీ కట్టిన రసీదు, తేదీ ఉన్న ఫోటోలు పనికొస్తాయి. ఆ గడువు దాటితే టైటిల్ మీద కొట్లాడాలి. తమదేనంటూ బాహాటంగా 12 ఏళ్లు అనుభవిస్తే అసలుకే ఎసరు.

జేసీబీ తెస్తామనే బావమరుదులుంటారు. వద్దు, కేసు మన మీదకే తిరుగుతుంది.

నేనైతే ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, అదే వారం లాయర్ని కలుస్తాను. అంతకంటే ముందు పక్క సైట్ మేస్త్రీతో మాట్లాడతాను. గుడిసెల్లో ఉన్నది అక్కడి కూలీలే అయితే, స్లాబ్ అయ్యాక వాళ్లే వెళ్లిపోతారేమో.